బిట్లలో పట్టని ధూళి

చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ. మన గూడేల నుంచి డిగ్రీ పూర్తిచేసి పట్నం చేరే పిల్లలకు ఈ మూడూ కలిసి ఒకే ఊరు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరికితే అక్కడ, దొరక్కపోతే గల్లీలో నెలకింతని కట్టే స్టడీ హాల్లో చదువుతారు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, నోటిఫికేషన్ ఏది పడినా చదువు ఇక్కడే. మూడు నాలుగేళ్లపాటు వాళ్ల చేతుల్లో ఉండేది మెటీరియల్, బిట్ బ్యాంకు, జిరాక్స్ నోట్సు. కథలు, కవిత్వం చదివే తీరిక వాళ్లకు ఉండదు. అంటే మన యువతలో చదువుకున్నవాళ్లు అందరికంటే ఎక్కువగా చదువుతున్న తెలుగు వచనం ఈ మెటీరియలే. దీన్ని మన విమర్శ పట్టించుకోకపోవడం లోటని మా అభిప్రాయం. ఇది ఎవరి వైపు నిలబడి రాశారు, ఎవరిని వదిలేశారు అని కథను అడుగుతాం. గైడును కూడా అదే అడగాలి.

ఇక్కడ ఒక్క అంశమే తీసుకుంటున్నాం. అణు పేలుళ్ల నుంచి, రియాక్టర్ ప్రమాదాల నుంచి లేచి నేలమీద పడే రేడియోధార్మిక ధూళి, దానితోపాటు యురేనియం తవ్వకం వ్యర్థాలు, ఇవి గాలికి, నీటికి, మనిషికి చేసే హాని. దీని గురించి పరీక్షల పుస్తకాల్లో ఏముంది, 2019లో నల్లమల ఉద్యమం నాటి నుంచి మన కవితల్లో, కరపత్రాల్లో ఏముంది అని పక్కపక్కన పెట్టి చూశాం. ఏ ఒక్క ప్రచురణకర్తనో, ఏ ఒక్క కవినో తప్పుపట్టడానికి కాదు. రెండు పద్ధతుల గురించి మాట్లాడుకోవడానికే.

ఐదు పాఠాలు, ఐదు ముక్కలు

మెటీరియల్లో ఈ విషయం లేదని అనలేం. ఉంది. కానీ ఒకచోట లేదు. భౌతికశాస్త్రంలో ఆల్ఫా, బీటా, గామా కిరణాలు, అర్ధజీవిత కాలాలు ఉంటాయి. పర్యావరణంలో 1986 చెర్నోబిల్, 2011 ఫుకుషిమా. భూగోళంలో ఖనిజాల పట్టిక, యురేనియానికి ఎదురుగా జార్ఖండ్ జాదుగూడ, కడప జిల్లా తుమ్మలపల్లె. తెలంగాణ సమాజం అనే పాఠంలో చెంచులు, బాగా వెనుకబడిన ఆదివాసీ తెగగా ప్రభుత్వం గుర్తించిన వాళ్లు, తేనె, గడ్డల సేకరణ, నల్లమల. పాలిటీలో 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం.

ఐదు ముక్కలూ నిజాలే. ఐదింటి నుంచీ బిట్లు వస్తాయి, మన పిల్లలు ఐదింటికీ సరైన జవాబే గుర్తిస్తారు. కానీ ఈ ఐదూ ఒకే అడవిలో, ఒకే ఊరి మీద, ఒకే రోజు వచ్చి పడగలవని ఏ పాఠమూ చెప్పదు. ఖనిజాల పట్టికలో మనుషులు కనిపించరు. తెగల పట్టికలో ఖనిజాలు కనిపించవు. చెంచు పిల్లవాడు ఒక పేజీలో తన తెగ పేరు టిక్ పెట్టి, ఇంకో పేజీలో తన అడవి పేరు టిక్ పెట్టి, రెంటికీ మార్కులు తెచ్చుకొని లేస్తాడు. ఆ రెండు పేజీల మధ్య ఏం జరిగిందో అతనికి పరీక్ష చెప్పదు.

ఏం జరిగిందో చెప్పుకుందాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు, సుమారు 4 వేల బోర్లు వేయడానికి ప్రతిపాదన వచ్చింది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ దానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా నిరసన లేచింది. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. దీనికి ముందు 2003లో నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర, నాగార్జునసాగర్ జలాశయం పక్కనే, గని పెట్టాలని ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే అక్కడి జనం, ముఖ్యంగా లంబాడా తండాలు, వద్దని నిలబడ్డారు. ఆ గని రాలేదు. ఇవన్నీ మన రాష్ట్ర చరిత్ర. కానీ ఇందులో మనకు మిగిలే బిట్టు ఒక్కటే: తీర్మానం ఏ తేదీన చేశారు?

ఇంకో సంగతి. ఖనిజాల పట్టిక జాదుగూడను ఎక్కడో దూరాన ఉన్న ఊరిలా చూపిస్తుంది. నిజానికి అది అశోక్ నగర్‌కు దగ్గరి చుట్టం. దేశమంతా యురేనియం వెతికే అణు ఖనిజ అన్వేషణ సంస్థ ప్రధాన కార్యాలయం బేగంపేటలో ఉంది. జాదుగూడలో రాయిని దంచి, కడిగి తీసిన పసుపుపచ్చటి ముద్దను రియాక్టర్ ఇంధనంగా మార్చే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1970ల నుంచి ఈసీఐఎల్ పక్కన పనిచేస్తోంది. చిక్కడపల్లి నుంచి సిటీ బస్సులో పోయేంత దూరం. సంతాల్, హో ఆదివాసుల నేల నుంచి వచ్చిన సరుకు ఈ పట్నంలో విలువైన ఇంధనం అవుతుంది. వ్యర్థం అక్కడే ఆ ఊళ్ల పక్కన ఉండిపోతుంది. ఇది ఏ అధ్యాయం కిందికి వస్తుంది?

కర్త లేని వాక్యం

రెండో లోపం వాక్యంలోనే ఉంది. ప్రభావాలు అనే శీర్షిక కింద క్యాన్సర్, జన్యు మార్పులు, జీవవైవిధ్య నష్టం అని వరుసగా ఉంటాయి. ఎవరికి వచ్చింది, ఎవరు తెచ్చిపెట్టారు అన్నది ఉండదు. కర్త లేదు, కర్మ లేదు, రోగం పేరు మాత్రం ఉంది. అట్లాంటి జాబితాను కంఠస్థం చేయవచ్చు గానీ అర్థం చేసుకోలేం.

ధూళి ఎట్లా పనిచేస్తుందో వరుసగా చెబితే మన పిల్లలకు అందరికంటే త్వరగా అర్థమవుతుంది. ఎందుకంటే అది అడవిలో తిండి నడిచే దారినే నడుస్తుంది. బాంబు నేలకు దగ్గరగా పేలినప్పుడు మట్టి పైకి లేస్తుంది, రేడియోధార్మిక పదార్థాలు ఆ రేణువులను అంటిపెట్టుకుంటాయి. బరువైనవి కొన్ని గంటల్లో దగ్గర్లో పడతాయి. సన్నటివి పై గాలుల్లో నెలలు, ఏళ్లు తిరిగి వానతోపాటు ఎక్కడో పడతాయి. అయోడిన్-131 సగం తరగడానికి 8 రోజులు చాలు. కానీ ఆ 8 రోజుల్లోనే గడ్డిమీద పడుతుంది, ఆవు మేస్తుంది, పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగిన పిల్లల మెడలోని థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. స్ట్రాన్షియం-90ని ఒళ్లు కాల్షియం అనుకొని ఎముకలో పెట్టుకుంటుంది. సీసియం-137ని పొటాషియం అనుకొని కండలోకి తీసుకుంటుంది. ఈ రెండూ సగం తరగడానికి దాదాపు 30 ఏళ్లు, ఒక తరం. చెర్నోబిల్ తర్వాత బెలారస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటికి పిల్లలుగా ఉన్నవాళ్లలో 2005 నాటికి 6 వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. అందులో గణనీయమైన భాగానికి కారణం ఆ పాలేనని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ తేల్చింది. పాలు తాగొద్దని వెంటనే చెప్పి ఉంటే తప్పేది. ఇక్కడ రోగంతోపాటు సమాచారం దాచడం కూడా కారణమే. ప్రభావాల జాబితాలో ఈ కారణం ఉండదు.

ఇక కర్మ సంగతి. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో 15 మెగాటన్నుల బాంబు పేల్చింది. అనుకున్నదానికి రెండింతలకు పైగా పేలింది. గంటల్లోనే రొంగెలాప్ దీవి మీద తెల్లటి బూడిద పడింది. అదేమిటో తెలియక పిల్లలు దానితో ఆడుకున్నారు. రెండు రోజుల తర్వాత గానీ జనాన్ని తరలించలేదు. 1957లో మళ్లీ అక్కడికే చేర్చారు. 1985లో ఆ జనమే తమ దీవిని వదిలి గ్రీన్‌పీస్ ఓడ ఎక్కి వెళ్లిపోయారు. ఆస్ట్రేలియాలో బ్రిటన్ పేలుళ్లు జరిపిన మారలింగ అక్కడి మూలవాసుల నేల. అమెరికాలో నెవాడా పరీక్షా స్థలం షోషోనీలు తమదని చెప్పే భూమి. పుస్తకాలు వీటిని ఎడారి, నిర్జన ప్రాంతం, మారుమూల దీవి అని రాస్తాయి. జనం తక్కువ ఉంటే లేనట్టే లెక్క. నల్లమల చెంచు పెంటలకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది కాబట్టి ఆ మాటల దగ్గర మన పిల్లలు ఒక్క క్షణం ఆగాలి.

అంకెల సంగతి కూడా ఇట్లాంటిదే. బెక్వెరల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం, సీవర్ట్ అంటే ఒంటికి తగిలిన హానిని కొలిచేది అని నిర్వచనం వరకే చెబుతారు. పరిమితి ఎవరు పెడతారో చెప్పరు. చెర్నోబిల్ ధూళి ఉత్తర యూరప్‌లో కూడా వానతో పడింది. అక్కడ సామీ ఆదివాసులు రెయిన్‌డీర్ జింకలను కాస్తారు. ఆ జింకలు చలికాలంలో బండలమీద పెరిగే లైకెన్లు తింటాయి. లైకెన్లకు వేర్లు లేవు, గాలిలోంచి పడ్డదాన్నే పట్టుకుంటాయి. ఆ విధంగా సీసియం లైకెన్ నుంచి జింకకు, జింక నుంచి మనిషికి చేరింది. నార్వేలో మాంసానికి కిలోకు 600 బెక్వెరళ్ల పరిమితి ఉండేది. అది అట్లాగే ఉంటే సామీల బతుకు తెరువు పోతుందని అదే 1986లో రెయిన్‌డీర్ మాంసానికి దాన్ని 6,000 చేశారు. దాన్ని రోజూ తినే సామీలకు మాత్రం తక్కువ తినమని వేరుగా సలహా ఇచ్చారు. నిర్ణయం తప్పా ఒప్పా అన్నది చర్చించాల్సిన విషయమే, రెండు వైపులా న్యాయం ఉంది. కానీ పరిమితి అనేది ప్రకృతి రాసిన అంకె కాదని, బతుకును, భయాన్ని, అమ్మకాన్ని తూచి మనుషులు పెట్టిన గీత అని తెలియాలి. ఆ గీత గీసేచోట మనవాళ్లు కూర్చున్నారా లేదా అన్నది ఇంకో ప్రశ్న.

మన రాతల సంగతి

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. నల్లమల ఉద్యమంలో మన కవులు వెంటనే స్పందించారు. పాటలు వచ్చాయి, కరపత్రాలు వచ్చాయి. మెటీరియల్లో లేని మనుషులు ఇక్కడ ఉన్నారు. పెంట ఉంది, తేనె ఉంది, ఇప్ప చెట్టు ఉంది, పులి ఉంది, తల్లి ఉంది. ఆ రాతలు లేకపోతే పట్నం ఆ అడవి వైపు తిరిగి చూసేది కాదు. ఆ గౌరవం అట్లాగే ఉంచి ఒక మాట చెప్పాలి. మేము చదివినవాటిలో చాలా చోట్ల యురేనియం తవ్వకానికి, అణుబాంబుకు తేడా లేదు. బోరు వేయగానే పుట్టగొడుగు మబ్బు లేస్తుంది. హిరోషిమా నేరుగా అమ్రాబాద్‌కు వచ్చేస్తుంది.

ఇది కవి స్వేచ్ఛ అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ కవితను నమ్మిన యువకుడు గ్రామసభలో లేచి అదే మాట అంటే, ఎదురుగా ఉన్న భూగర్భ శాస్త్రవేత్త నవ్వి, గనిలో బాంబు పేలదు బాబూ అంటాడు. ఆ మాట నిజమే. ఆ ఒక్క నిజంతో మన ప్రశ్నలన్నింటినీ కొట్టిపారేస్తాడు. అతిశయోక్తి మన పక్షాన ఉన్నట్టు కనిపించి అవతలివాడికి పనికొస్తుంది.

నిజం బాంబు కంటే నెమ్మదైనది, అందుకే ఎక్కువ కష్టమైనది. రాయిలో ఉన్న యురేనియం-238 సగం తరగడానికి 450 కోట్ల ఏళ్లు పడుతుంది. అడవిలో, రాయి లోపల ఉన్నంతకాలం దానివల్ల పెద్ద హాని లేదు. మన దేశపు రాయిలో యురేనియం చాలా తక్కువ. జాదుగూడలో గానీ, తుమ్మలపల్లెలో గానీ వెయ్యి కిలోల రాయి దంచితే ఒక్క కిలో కూడా రాదు. మిగతాదంతా పిండిలాంటి బురదగా వ్యర్థాల చెరువులో చేరుతుంది. యురేనియం తీసేసినా మొదటి రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. ఎందుకంటే యురేనియం సంతానమైన థోరియం, రేడియం అందులోనే ఉంటాయి. రేడియం-226 సగం తరగడానికి 1,600 ఏళ్లు. మేడారంలో మనం మొక్కే సమ్మక్క, సారలమ్మల కాలాన్ని పెద్దలు సుమారు 8 వందల ఏళ్ల కిందటిదిగా చెబుతారు. దానికి రెండింతల కాలం గడిస్తే గానీ ఆ రేడియంలో సగం పోదు. అన్నేళ్లు ఆ చెరువు కట్ట తెగకుండా కాపలా కాసే కంపెనీ ఏది? రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది. దాన్ని ఏళ్ల తరబడి పీల్చి అమెరికాలో నవాహో ఆదివాసీ గని కార్మికులు ఊపిరితిత్తుల క్యాన్సర్ బారిన పడ్డారు. వాళ్లలాంటివాళ్లకు నష్టపరిహారం ఇవ్వాలని అక్కడ 1990లో చట్టం చేయాల్సి వచ్చింది. నీటిలో కలిసిన యురేనియం కిరణాల కంటే ముందు విషంగానే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 1979 జులై 16న నవాహో నేలను ఆనుకుని ఉన్న చర్చ్ రాక్‌లో వ్యర్థాల చెరువు కట్ట తెగి ఆ నీరంతా వాగులో కలిసింది. ఆ వాగు నీళ్లే గొర్రెలకు తాగునీరు.

ఈ సంగతులు బాంబు మాట కంటే గట్టివి. వీటిని ఎవరూ నవ్వి తోసిపుచ్చలేరు.

సరిగ్గా చూపినవి కూడా ఉన్నాయి. రాంచీకి చెందిన దర్శకుడు శ్రీప్రకాశ్ 1999లో తీసిన ‘బుద్ధ వీప్స్ ఇన్ జాదుగూడ’ అనే డాక్యుమెంటరీని మన ఉపాధ్యాయులు చూడాలి. అందులో ఖనిజాల పట్టికలోని ఊరికి మనుషులు వస్తారు. గని దగ్గరి జనం తమ మాట తామే చెప్పుకుంటారు. కానీ అక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. అంగవైకల్యంతో పుట్టిన పిల్లల బొమ్మలు చూస్తే మన గుండె తరుక్కుపోతుంది. అయితే బొమ్మ బాధను చూపుతుంది గానీ కారణాన్ని రుజువు చేయదు. గని యాజమాన్యం ఆ రోగాలకు రేడియేషన్ కారణం కాదంటూ వచ్చింది. ఆ మాటకు జవాబు ఇంకో బొమ్మ కాదు, లెక్క. 2007లో ఇండియన్ డాక్టర్స్ ఫర్ పీస్ అండ్ డెవలప్‌మెంట్ అనే వైద్యుల సంఘం గనికి దగ్గరి ఊళ్లను, దూరపు ఊళ్లను పోల్చి, దగ్గరి ఊళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు, సంతానలేమి, క్యాన్సర్ మరణాలు ఎక్కువని చెప్పింది. పోల్చడం అనే పద్ధతే ఇక్కడ ముఖ్యం. ఇంకొకటి, ఆ పిల్లలు మన పిల్లలు. వాళ్లను భయపెట్టే గుర్తులుగా వాడుకునే హక్కు ఉద్యమానికి కూడా లేదు.

మూడో రకం రాత

మెటీరియల్లో నిజాలున్నాయి, మనుషులు లేరు. మన కవిత్వంలో మనుషులున్నారు, నిజాలు కొంత జారిపోయాయి. మూడో రకం రాత కావాలి, దాన్ని రాయాల్సింది మనమే. అది పెద్ద గ్రంథం కానవసరం లేదు. నాలుగు పేజీల పాఠం చాలు, ఐదు అధ్యాయాల ముక్కలను ఒక ఊరి చుట్టూ చేర్చి కుట్టిన పాఠం.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పనిచేసే తోటి ఉపాధ్యాయులకు ఒక సూచన. అర్ధజీవిత కాలం అని నిర్వచనం రాయించే ముందు సగం తరిగే కాలం అని చెప్పండి. వంద గింజలు పోసి, సగం తీసి, మిగిలినదాంట్లో సగం తీసి చూపించండి. సీసియానికి పది సార్లు సగం కావడానికి మూడు వందల ఏళ్లు పడుతుందని, అప్పటికి వెయ్యో వంతు మిగులుతుందని పిల్లలే లెక్క కడతారు. గడ్డి, ఆవు, పాలు, బిడ్డ అని బోర్డు మీద రాసి, ఆ దారిలో మన ఇప్ప పువ్వు, గడ్డలు, తేనె, చేప ఎక్కడ వస్తాయో పిల్లలనే అడగండి. బజారు తిండి తినేవాళ్లకంటే అడవి తిండి తినేవాళ్లకు ధూళి ఎందుకు ఎక్కువ చేరుతుందో వాళ్లే చెబుతారు. తర్వాత గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నలు రాయించండి. తవ్వకానికి ముందు మా బావి నీళ్లు పరీక్షించారా, ఆ కాగితం మాకు ఇస్తారా? బురద ఎక్కడ పోస్తారు, ఎన్నేళ్లు చూసుకుంటారు? కొలిచేది కంపెనీ మనిషా, బయటి మనిషా? కొలిచిన అంకెను ఏ భాషలో చెబుతారు? 1962లో వచ్చిన అణుశక్తి చట్టం ఈ రంగంలో సమాచారాన్ని దాచుకునే వీలు కల్పించింది. కాబట్టి ప్రశ్న ఎంత కచ్చితంగా ఉంటే తప్పించుకోవడం అంత కష్టం.

అశోక్ నగర్‌లో చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది వేరు. మెటీరియల్ పక్కన పడేయమని మేము చెప్పం. ఉద్యోగం మన ఇళ్లకు ఎంత అవసరమో మాకు తెలుసు. బిట్లు చదవండి, మార్కులు తెచ్చుకోండి. కానీ ఒక పేజీకి ఇంకో పేజీకి మధ్య గీత గీసుకోండి. తుమ్మలపల్లె అని చదివినప్పుడు, భూగర్భజలం చెడిపోయిందని అక్కడి అరటి రైతులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదును, కంపెనీ ఇచ్చే జవాబును కూడా పక్కన రాసుకోండి. చెంచులు అని చదివినప్పుడు 83 చదరపు కిలోమీటర్లు అని రాసుకోండి. పెసా అని చదివినప్పుడు నల్లమలలో గ్రామసభను ఎప్పుడు అడిగారో వెతకండి.

ఎందుకంటే మీలో కొందరు గ్రూప్-1 గెలుస్తారు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు జిల్లా కలెక్టరో, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ప్రతినిధో అధ్యక్షత వహించాలి. ఒకరోజు ఆ కుర్చీలో మన గూడెం బిడ్డే కూర్చోవచ్చు. ఎదురుగా నేలమీద ఒక ముసలమ్మ కూర్చొని, ఈ దుమ్ము మా నీళ్లల్ల పడితే ఏమైతది బిడ్డా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు ఉండవు. తెలిసిన జవాబును తెలిసినంత, ఆమె భాషలో, దాచకుండా చెప్పగలిగితేనే మన చదువు మనకు పనికొచ్చినట్టు.